ఇంజన్ లోపలి గోడ: లైనర్ ఎక్కడ అరుగుతుంది, ఎందుకు కదులుతుంది

ఇంజన్‌లో పిస్టన్ కదిలే భాగమనీ, దాన్ని చుట్టుముట్టి ఉండే సిలిండర్ గోడ కదలని భాగమనీ సాధారణంగా అందరూ అనుకుంటారు. నిజానికి ఆ గోడ కూడా కదులుతుంది. వేడికి సాగుతుంది, పైమూత అయిన హెడ్‌ను బోల్టులతో బిగించినప్పుడు గుండ్రదనం కోల్పోతుంది, పిస్టన్ పక్కకు నెట్టిన ప్రతిసారీ అదురుతుంది, పట్టు సడలితే తన చోటు నుంచే జారుతుంది. ఈ కదలికలు మిల్లీమీటరులో వందో వంతుల లెక్కలో ఉంటాయి కాబట్టి కంటికి ఆనవు గాని, ఎక్కువ శక్తి రాబట్టేందుకు తయారైన ఇంజన్లలో బోరు, అంటే సిలిండర్ లోపలి రంధ్రం, ఏ చోట అరుగుతుందో, హెడ్ గాస్కెట్ ఎందుకు పోతుందో, రేడియేటర్‌లో పోసిన నీళ్లు ఎటు మాయమవుతాయో తేల్చేవి చాలావరకు అవే.

లైనర్ అంటే సిలిండర్‌కు లోపలి తొడుగు. మెకానిక్కులు దాన్నే స్లీవ్ అని కూడా అంటారు. బ్లాకు మొత్తం పోత ఇనుముతో చేసినప్పుడు ఆ బ్లాకులోనే రంధ్రం తొలిచి, నునుపు చేసి, అందులోనే పిస్టన్‌ను నడిపించవచ్చు. విడిగా తొడుగు అక్కర్లేదు. పోత ఇనుములో రేకుల రూపంలో ఉండే గ్రాఫైట్ కొంతవరకు తానే కందెనగా పనిచేస్తుంది, పైగా ఆ రేకుల సందుల్లో ఆయిల్ నిలుస్తుంది కాబట్టి రాపిడికి అంతగా ఓర్చుకునే చవకైన లోహం మరొకటి లేదనే చెప్పాలి. దాని లోపమల్లా బరువే. అల్యూమినియం తేలిక, వేడిని కూడా త్వరగా వదిలించుకుంటుంది, కానీ మామూలు అల్యూమినియం మెత్తన కావడంతో పిస్టన్ రింగుల ఒరిపిడికి నిలవదు. ఈ రెండింటి గుణాలనూ కలుపుకోవడానికే అల్యూమినియం బ్లాకులో ఇనుప గొట్టం తొడిగే పద్ధతి వచ్చింది. ఆ గొట్టం చుట్టూ బ్లాకు లోహాన్నే ఆనుకుని ఉంటే దాన్ని డ్రై లైనర్ అనీ, దాని వీపును కూలెంట్ నేరుగా తాకుతూ ఉంటే వెట్ లైనర్ అనీ అంటారు. లారీల డీజిల్ ఇంజన్లలో వెట్ లైనర్లు ఎక్కువగా కనిపిస్తాయి. అరిగిపోయినప్పుడు పాతదాన్ని లాగేసి, కింద రబ్బరు రింగులు మార్చి, కొత్తదాన్ని దించేస్తే బోరు పని దాదాపు ముగిసినట్టే.

అరుగుదల సంగతి అర్థం కావాలంటే ముందు ఆ గోడ మీద పడే భారం ఎంతో తెలియాలి. 94 మిల్లీమీటర్ల బోరు ఉన్న పెట్రోల్ ఇంజన్‌లో, మంట రేగిన క్షణాన 70 బార్ ఒత్తిడి పుట్టిందనుకుంటే, పిస్టన్ తలమీద పడే బలం దాదాపు 5 టన్నుల బరువుతో సమానం. కనెక్టింగ్ రాడ్ నిట్టనిలువుగా ఉండదు, క్రాంక్ తిరిగే కొద్దీ ఒక పక్కకు వాలుతుంది. అందువల్ల ఆ బలంలో కొంత భాగం పిస్టన్‌ను పక్కకు తోసి గోడకేసి అదుముతుంది. పదో వంతు అటు మళ్లినా అర టన్ను అవుతుంది. నిమిషానికి 6,000 చుట్లు తిరిగే నాలుగు స్ట్రోకుల ఇంజన్‌లో ప్రతి సిలిండర్‌లోనూ ఇది సెకనుకు 50 సార్లు జరుగుతుంది. పైగా దెబ్బ ఎప్పుడూ గోడలో ఒకే వైపు పడుతుంది, ఎందుకంటే మంట పుట్టి పిస్టన్ కిందికి దిగేటప్పుడు రాడ్ ఎప్పుడూ ఒకే వైపు వాలి ఉంటుంది. పాత ఇంజన్ బోరును కొలిచినప్పుడు క్రాంక్ షాఫ్ట్ పొడవునా ఒక కొలత, దానికి అడ్డంగా మరింత పెద్ద కొలత రావడానికి కారణం ఇదే. గుండ్రంగా తొలిచిన రంధ్రం కాలక్రమేణా కోలగా మారుతుంది.

అయితే ఎక్కువ అరుగుదల జరిగేది బోరు నడుమ కాదు, పైభాగంలో. పిస్టన్ బోరు మధ్యలో వేగంగా పరుగెత్తుతున్నప్పుడు రింగుకూ గోడకూ మధ్య ఆయిల్ పొర ఆ వేగం వల్లనే నిలబడి, రెండు లోహాలనూ ఎడంగా ఉంచుతుంది. ఆ పొర మందం కొద్ది మైక్రాన్లు మాత్రమే, అంటే తల వెంట్రుక మందంలో పదో వంతుకు అటూ ఇటూ. పిస్టన్ పైకంటా వెళ్లి, క్షణం ఆగి, కిందికి మళ్లే చోట వేగం సున్నా అవుతుంది. వేగం లేనిచోట పొర నిలవదు. సరిగ్గా అదే సమయంలో వాయువు ఒత్తిడి శిఖరానికి చేరి, పై రింగు వెనుక దూరి దాన్ని గోడకేసి నొక్కుతుంది, వేడికి ఆయిల్ పలచబడుతుంది, మిగిలిన కాస్త ఆయిల్‌ను మంట కాల్చేస్తుంది. ఇన్ని ప్రతికూలతలు ఒకే చోట, ఒకే క్షణంలో కలుస్తాయన్నమాట. హెడ్ విప్పిన పాత ఇంజన్ బోరులోకి వేలు పెట్టి పైకి జరిపితే, పై అంచుకు కొద్ది మిల్లీమీటర్ల దిగువన గోరుకు ఒక మెట్టు తగులుతుంది. ఆ మెట్టుకు పైనున్న లోహాన్ని రింగు ఎన్నడూ తాకలేదు, కిందనున్నది అరిగిపోయింది. ఆ మెట్టును తీసేయకుండా కొత్త రింగులు వేస్తే, అరగని అంచుతో ఉన్న కొత్త పై రింగు వెళ్లి ఆ మెట్టుకు కొట్టుకుని విరిగే ప్రమాదం ఉంటుంది.

రాపిడి ఒక్కటే కారణం కాదు. చల్లగా ఉన్న ఇంజన్‌ను నడిపినప్పుడు, మంటలో పుట్టిన నీటి ఆవిరి చల్లటి గోడ మీద తేమగా పేరుకుని, ఇంధనంలోని గంధకం నుంచి వచ్చిన వాయువులతో కలిసి ఆమ్లంగా మారుతుంది. ఆ ఆమ్లం తిన్న లోహాన్ని తర్వాతి స్ట్రోకులో రింగు గీకేస్తుంది, కింద కొత్త లోహం బయటపడుతుంది, దాన్ని మళ్లీ ఆమ్లం తింటుంది. ఇంజన్ పూర్తిగా వేడెక్కకముందే ఆగిపోయే చిన్న చిన్న ప్రయాణాలు చేసే కారులో, కిలోమీటర్ల లెక్కన చూస్తే, దూరాలు తిరిగే కారులో కంటే బోరు త్వరగా పోవడం అందువల్లనే.

గోడ అద్దంలా నునుపుగా ఉంటే మంచిదన్న ఊహ కూడా సరైనది కాదు. కొత్త బోరును చివరగా హోనింగ్ అనే పద్ధతిలో, తిరుగుతూ పైకీ కిందికీ కదిలే సానరాళ్లతో రుద్ది, ఒకదాన్నొకటి ఏటవాలుగా ఖండించే సన్నని గీతలను దాని మీద కావాలనే మిగులుస్తారు. ఆ గీతల లోయల్లో ఆయిల్ నిలుస్తుంది, శిఖరాలను మాత్రం చదును చేసి రింగుకు ఆసరాగా ఉంచుతారు. ఆ గీతలు చెరిగిపోయి గోడ మెరవడం మొదలైతే ఇంజన్ ఆయిల్ తాగుతోందని, సైలెన్సర్ నుంచి నీలి పొగ వస్తోందని యజమాని ఫిర్యాదు చేసే రోజు దగ్గరపడినట్టే. ఇక్కడ మరో చిక్కు కూడా ఉంది. హెడ్ బోల్టులను బిగించినప్పుడు ఆ లాగుడుకు బోరు పైభాగం స్వల్పంగా వంకరపోతుంది కాబట్టి, హెడ్ లేకుండా గుండ్రంగా రుద్దిన బోరు, హెడ్ బిగించాక గుండ్రంగా ఉండదు. అందుకే రేసింగ్ ఇంజన్లను తయారుచేసేవారు హెడ్ బదులు ఒక మందపాటి లోహపు పలకను అదే బోల్టులతో, అదే బిగింపుతో బిగించి, బోరు వంకరపోయి ఉన్న ఆ స్థితిలోనే హోనింగ్ చేస్తారు. పలక తీసేశాక బోరు వంకరగా కనిపిస్తుంది. హెడ్ బిగించాక సరిగ్గా వస్తుంది. గోడ కదులుతుందని ఒప్పుకుని, ఆ కదలికను ముందుగానే లెక్కలోకి తీసుకోవడానికి ఇంతకంటే నిజాయతీ గల పద్ధతి లేదు.

కదలికలన్నింటిలోనూ చిక్కైనది లైనర్ మొత్తంగా తన చోటు నుంచి జారడం. దీనికి మూలం రెండు లోహాల స్వభావంలోనే ఉంది. అల్యూమినియం వేడికి ఇనుము కంటే దాదాపు రెట్టింపు వ్యాకోచిస్తుంది. 100 మిల్లీమీటర్ల వెలుపలి వ్యాసం ఉన్న ఇనుప లైనర్, దాన్ని పట్టి ఉంచిన అల్యూమినియం రంధ్రం రెండూ 90 డిగ్రీల మేర వేడెక్కాయనుకుంటే, రంధ్రం సుమారు 0.2 మిల్లీమీటరు పెరుగుతుంది, లైనర్ 0.1 మిల్లీమీటరు మాత్రమే పెరుగుతుంది. లైనర్ మంటకు దగ్గరగా ఉండి బ్లాకు కంటే ఎక్కువ వేడెక్కుతుంది కాబట్టి ఆచరణలో తేడా ఇంతకంటే తక్కువే ఉంటుంది గాని, దిశ మాత్రం మారదు. ఇంజన్ వేడెక్కే కొద్దీ బ్లాకు లైనర్‌ను వదులుతూ పోతుంది. దీన్ని ఎదుర్కోవడానికి లైనర్‌ను రంధ్రం కంటే మిల్లీమీటరులో కొన్ని వందో వంతులు పెద్దదిగా చేసి, బ్లాకును వేడి చేసి, లైనర్‌ను చల్లబరిచి దించుతారు. వేడి సమమయ్యాక బ్లాకు లైనర్‌ను బిగపట్టుకుంటుంది. ఆ బిగువు పనిచేయాలంటే లైనర్ చుట్టూ ఉన్న అల్యూమినియం గోడకు తగినంత మందం, పగులు లేని గట్టితనం ఉండాలి. ఈ షరతు నెరవేరకపోతే ఏమవుతుందో చెప్పడానికి బ్రిటన్‌కు చెందిన రోవర్ వి8 ఇంజన్‌ను మించిన ఉదాహరణ లేదు.

ఈ ఇంజన్ పుట్టుక అమెరికాలో. జనరల్ మోటార్స్ సంస్థ 1961 మోడల్ బ్యూక్ కార్ల కోసం తెచ్చిన 3.5 లీటర్ల అల్యూమినియం ఇంజన్‌ను అక్కడ కొద్ది ఏళ్లకే వదిలేశారు. దాని హక్కులను రోవర్ సంస్థ 1965లో తీసుకుని, 1967 నుంచి తన కార్లలో, 1970 నుంచి రేంజ్ రోవర్‌లో వాడింది. బ్యూక్ ఇనుప లైనర్లను బ్లాకుతో పాటే పోత పోసేది. రోవర్ మాత్రం బ్లాకును విడిగా పోసి, తర్వాత లైనర్లను అందులోకి దించే పద్ధతి ఎంచుకుంది. తొలినాటి బోరు 88.9 మిల్లీమీటర్లు. ఆ కొలతతో ఇంజన్ ఏళ్ల తరబడి మన్నికగా పనిచేసింది. కాలం గడిచేకొద్దీ వాహనాలు బరువెక్కాయి, ఎక్కువ శక్తి కావలసి వచ్చింది. కొత్త బ్లాకును రూపొందించే బదులు, సిలిండర్ల మధ్య దూరం అలాగే ఉంచి బోరును 94 మిల్లీమీటర్లకు పెంచారు. ముందు 3.9 లీటర్ల ఇంజన్, తర్వాత 1994లో వచ్చిన రెండో తరం రేంజ్ రోవర్‌లో 4.0, 4.6 లీటర్ల ఇంజన్లు ఆ బోరుతోనే వచ్చాయి. వ్యాసం 5 మిల్లీమీటర్లు పెరిగిందంటే చుట్టూ అన్ని వైపులా రెండున్నర మిల్లీమీటర్ల చొప్పున చోటు తరిగిందని అర్థం. అసలే పరిమితంగా ఉన్న అల్యూమినియం గోడకు అది తక్కువ నష్టం కాదు. పోత పోసేటప్పుడు లోపలి అచ్చు కొద్దిగా పక్కకు ఒరిగినా, ఒక వైపు గోడ మరీ పలచబడేది.

ఆ పలుచని గోడలో, ముఖ్యంగా హెడ్ బోల్టులు దిగే రంధ్రాల సమీపంలో, లైనర్ వెనుక పగుళ్లు పుట్టేవి. లైనర్ తీస్తే తప్ప ఆ పగులు కనిపించదు. పగులు నుంచి కూలెంట్ లైనర్ వీపు మీదికి చేరి, పైకి పాకి, సిలిండర్‌లోకి దిగేది. మంట ఒత్తిడికి వాయువు అదే దారిలో వెనక్కి నడిచి రేడియేటర్‌లోకి చేరేది. యజమానికి తెలిసేదల్లా నీళ్లు తగ్గిపోతున్నాయనీ, ఇంజన్ వేడెక్కిపోతోందనీ. ముందు హెడ్ గాస్కెట్ మార్చేవారు, తర్వాత రేడియేటర్ మార్చేవారు, జబ్బు మాత్రం అలాగే ఉండేది. పగిలిన గోడ లైనర్‌ను మునుపటిలా పట్టుకోలేకపోవడంతో, ఇంజన్ వేడెక్కాక పిస్టన్ రింగుల ఈడ్పుకు లైనర్ పైకీ కిందికీ స్వల్పంగా ఆడుతూ టిక్కు టిక్కుమనే శబ్దం చేసేది. చల్లటి ఇంజన్‌లో వినిపించకుండా వేడెక్కాక మొదలయ్యే ఆ శబ్దాన్ని చాలామంది వాల్వ్ ట్యాపెట్ల శబ్దమని పొరబడేవారు.

దీనికి స్థిరపడిన మరమ్మతు టోపీ లైనర్. బ్లాకు రంధ్రాన్ని కాస్త పెద్దది చేసి, పై అంచున ఒక గాడి తొలిచి, ఆ గాడిలో కూర్చునే అంచు ఉన్న లైనర్‌ను దించుతారు. అంచు గాడిలో ఆనుకుని ఉండడం వల్ల లైనర్ కిందికి జారలేదు, పైన హెడ్ గాస్కెట్ అదిమి ఉండడం వల్ల పైకి రాలేదు. ఆ అంచు కింద, గొట్టం చుట్టూ సీలు ఏర్పాటు ఉంటే కూలెంట్‌కు దారి కూడా మూసుకుపోతుంది. గమనించవలసిందేమిటంటే, ఇక్కడ లైనర్‌ను నిలబెట్టే పని పక్కల బిగువు మీద కాక పైఅంచు మీద పడింది. లోహం వేడికి ఎంత సాగినా అంచు అడ్డం ఉండనే ఉంటుంది. ఈ ఏర్పాటు ఫ్యాక్టరీలోనే ఎందుకు చేయలేదన్న ప్రశ్నకు ఖర్చు తప్ప వేరే సమాధానం దొరకడం కష్టం.

అదే దేశంలో, అదే పేరుతో 1988లో వచ్చిన రోవర్ కె సిరీస్ ఇంజన్‌లో లైనర్ల బాధ మరో రూపంలో బయటపడింది. ఈ ఇంజన్‌లో హెడ్, బ్లాకు, కింది బేరింగు చట్రం అన్నిటినీ గుచ్చి బిగించే పొడవైన బోల్టులు పది ఉంటాయి. కూలెంట్ తాకే లైనర్లు బ్లాకులో ఒక మెట్టు మీద నిలబడి ఉంటాయి. వాటి పై అంచు బ్లాకు ఉపరితలం కంటే ఒకింత ఎత్తుగా ఉండి, హెడ్ గాస్కెట్‌ను గట్టిగా అదిమి, మంట బయటికి రాకుండా చూస్తుంది. ఆ ఎత్తు మిల్లీమీటరులో పదో వంతు లోపే. కింద అల్యూమినియం మెట్టు కాస్త కుంగినా ఆ ఎత్తు కరిగిపోయి గాస్కెట్ మీద అదుము తగ్గుతుంది, మంట దానికి దారి చేసుకుంటుంది. తొలి ఇంజన్ల 75 మిల్లీమీటర్ల బోరును 1990ల మధ్యలో 80కి పెంచి 1.8 లీటర్ల ఇంజన్ తెచ్చాక హెడ్ గాస్కెట్ ఫిర్యాదులు పెద్ద ఎత్తున వచ్చాయి. తేలికైన ఈ ఇంజన్‌ను లోటస్ ఎలీస్ వంటి స్పోర్ట్స్ కారులోనూ వాడారు కాబట్టి దీన్ని చెడ్డ ఇంజన్ అనడం న్యాయం కాదు; లైనర్ ఎత్తు సరిగ్గా ఉన్నంతకాలం అది ఎంతో మంచి ఇంజన్.

లైనర్ నిలువుగానే కాదు, అడ్డంగానూ ఊగుతుంది. హోండా సంస్థకు చెందిన అనేక ఇంజన్లలో సిలిండర్ల పైభాగం చుట్టూ కూలెంట్ తిరిగే చోటు పైకి తెరిచే ఉంటుంది. దీన్ని ఓపెన్ డెక్ అంటారు. పోతకు సులువు, బోరు పైభాగం చక్కగా చల్లబడుతుంది, మామూలు వాడకంలో ఏ ఇబ్బందీ రాదు. అలాంటి ఇంజన్‌కు టర్బో తగిలించి శక్తిని రెండు మూడింతలు చేసినప్పుడు మాత్రం, ఆసరా లేకుండా నిలబడి ఉన్న సిలిండర్ల పైభాగాలు పిస్టన్ తోపుడుకు అటూ ఇటూ ఒరుగుతాయి, బోరు కోలగా సాగుతుంది, రింగులు గోడను విడుస్తాయి, పైన గాస్కెట్ ఒరుసుకుపోతుంది. అందుకే అలాంటి ఇంజన్లకు పైభాగంలో వెడల్పాటి అంచులు ఉండి, ఆ అంచులు ఒకదానికొకటీ, బ్లాకు గోడకూ ఆనుకునే సాగుడు గుణం గల ఇనుప స్లీవులు వేస్తారు. అంటే తెరిచి ఉన్న డెక్‌ను లైనర్లే మూసేస్తాయి.

డీజిల్ ఇంజన్ల వెట్ లైనర్లలో ఈ అదురు లోపలి గోడను వదిలి బయటి గోడను తినేస్తుంది. పిస్టన్ పక్కకు తట్టినప్పుడల్లా లైనర్ గంటలా కంపిస్తే, దాని వీపు ఒక క్షణం కూలెంట్ నుంచి వెనక్కి తగ్గి, అక్కడ ఒత్తిడి పడిపోయి సూక్ష్మమైన ఆవిరి బుడగలు పుడతాయి. మరుక్షణం గోడ ముందుకు వచ్చేసరికి అవి పగిలి లోహాన్ని పొడుస్తాయి. ఏళ్ల తరబడి సాగే ఈ పోట్లకు లైనర్ బయటి వైపున, పిస్టన్ తట్టే పక్కనే, సూది గుచ్చినట్టు గుంటలు పడి చివరికి రంధ్రమై నీళ్లు ఆయిల్‌లో కలుస్తాయి. కూలెంట్‌లో కలిపే నైట్రైట్ వంటి రసాయనాలు లోహం మీద రక్షణ పొర ఏర్పరచి దీన్ని ఆపుతాయి. లారీ రేడియేటర్‌లో కుళాయి నీళ్లు పోయడం వల్ల జరిగే నష్టం తుప్పు ఒక్కటే కాదన్నమాట.

ఇంత తంటా ఎందుకు, లైనర్‌నే తీసేస్తే పోదా అన్న ఆలోచన కొత్తది కాదు. జర్మనీకి చెందిన మాలె సంస్థ 1967లో నికాసిల్ అనే పూతను తెచ్చింది. నికెల్‌లో సిలికాన్ కార్బైడ్ రేణువులు కలిపి అల్యూమినియం బోరు మీద పలుచగా పూయడం దీని పద్ధతి. రేసింగ్ కార్లలో, పోర్షా ఇంజన్లలో అది గొప్పగా పనిచేసింది. 1990లలో బీఎండబ్ల్యూ, జాగ్వార్ సంస్థలు దాన్ని తమ వి8 కార్లలో వాడినప్పుడు మాత్రం, గంధకం ఎక్కువగా ఉన్న పెట్రోల్ దొరికే అమెరికా, బ్రిటన్ వంటి చోట్ల ఆ నికెల్‌ను ఆమ్లం తినేసింది. చివరికి బీఎండబ్ల్యూ సిలికాన్ ఎక్కువగా కలిసిన అల్యూమినియం బోరుకూ, జాగ్వార్ మళ్లీ ఇనుప లైనర్‌కూ మారాయి. రేసు ఇంజన్ కొన్ని గంటల వేడి పరుగు కోసం పుట్టింది, వీధి కారు పొద్దున్నే చల్లగా స్టార్టయి రెండు వీధులు తిరిగి ఆగిపోయేది; ఒకదానికి నప్పిన గోడ మరొకదానికి నప్పకపోవడంలో వింతేమీ లేదు. హోండా 1999లో ఎస్2000 కారు ఇంజన్‌లో అల్యూమినియం గోడలోనే కార్బన్, అల్యూమినా పోగులను ఇమిడ్చింది. నిమిషానికి 9,000 చుట్ల వద్ద ఆ ఇంజన్ పిస్టన్ సగటు వేగం సెకనుకు 25 మీటర్లు. నిమిషానికి 18,000 చుట్లకు పరిమితం చేసిన నాటి ఫార్ములా వన్ వి8 ఇంజన్ పిస్టన్ వేగం సుమారు 24 మీటర్లే. గోడ మీద ఒరిపిడి ఎంతో చెప్పేది చుట్ల లెక్క ఒక్కటే కాదు, స్ట్రోకు పొడవు కూడా.

ప్రస్తుతం ఎక్కువగా వాడుకలోకి వస్తున్నది ప్లాస్మా పూత. ఇనుప తీగను విద్యుత్ చాపంతో కరిగించి, ఆ తుంపరలను వేగంగా బోరు గోడ మీదికి చిమ్ముతారు. నిస్సాన్ జీటీఆర్ కారు ఇంజన్‌లో ఈ పూత మందం మిల్లీమీటరులో అయిదో వంతుకు మించదు. 2011 మోడల్ ఫోర్డ్ షెల్బీ జీటీ500లో ఇనుప బ్లాకు స్థానంలో ఇలాంటి పూత ఉన్న అల్యూమినియం బ్లాకు పెట్టినప్పుడు బరువు 46 కిలోలు తగ్గింది. విడి తొడుగే లేనందున జారే ప్రసక్తి లేదు, వేడి కూడా అడ్డు లేకుండా బ్లాకులోకి పోతుంది. ఆ పూత గీరుకుపోతే మాత్రం, ఆటోనగర్ బోరింగ్ షాపులో పావు మిల్లీమీటరు బోరు పెంచి ఓవర్‌సైజు పిస్టన్ వేసే పాత పద్ధతి దానికి పనికిరాదు. ఆ కొద్దిపాటి లోతుకే పూత చాలావరకు లేచిపోయి, కింద మెత్తని అల్యూమినియం తేలే ప్రమాదం ఉంటుంది. అప్పుడు మిగిలేవి రెండే దారులు: పూతను పూర్తిగా గీకి మళ్లీ చిమ్మించడం, లేదా బ్లాకును తొలిచి ఇనుప లైనర్ దించడం.